చిన్న ఆయిల్ కంపెనీ షేరు: బావి తవ్వకముందే కొనాలా, ఉత్పత్తి మొదలయ్యాక కొనాలా, పెద్దవాటితో సరిపెట్టుకోవాలా?

ఆయిల్ షేర్ల టిప్పుల్లో ఒక రకం ఎప్పుడు వచ్చినా ఒకేలా ఉంటుంది. ఫలానా చిన్న కంపెనీకి ఫలానా చోట బ్లాకు (చమురు వెతకడానికి లైసెన్సు ఉన్న ప్రాంతం) ఉంది, అదీ సముద్రంలో కాదు, నేల మీదే. వచ్చే నెల రిగ్గు దిగుతోంది. కింద కోట్ల బ్యారెళ్ళున్నాయని రిపోర్టు వచ్చింది. షేరు మాత్రం ఇంకా చిల్లర ధరకే దొరుకుతోంది. ఇంకేం కావాలి?

దీనికి ఎదురు చెప్పేవాళ్ళూ ఉంటారు. "ఈ రిగ్గు మూడేళ్ళుగా దిగుతూనే ఉంది కదా" అని ఒకరు, "చమురుంటే పెద్ద కంపెనీలు వదిలేస్తాయా" అని ఇంకొకరు. ఇక వాదన మొదలవుతుంది: సున్నపురాయిలో చమురు నిలుస్తుందా, సీస్మిక్ సర్వే (ధ్వని తరంగాలతో భూమి లోపలి పొరలను చూసే సర్వే) సరిగ్గా చేశారా, పక్క బ్లాకులో ఏం పడింది. ఇందులో సగం మందికి భూగర్భ శాస్త్రం తెలియదు. తెలిసినవాళ్ళకైనా బావి తవ్వేదాకా ఖాయంగా ఏమీ తెలియదు. నా ఉద్దేశంలో మదుపరి ముందుగా అడగాల్సింది వేరే ఉంది: తరువాతి బావికి డబ్బు ఎవరిది? భూమిలో ఎంత ఉందో చెప్పే కాగితం కంటే ఈ ప్రశ్నే ఎక్కువ కంపెనీలను వడకడుతుంది.

చమురు తీసే వ్యాపారం మీద డబ్బు పెట్టాలనుకునేవాళ్ళ ముందు నాలుగు దారులున్నాయి. ఇంకా ఏమీ దొరకని, తవ్వబోయే చిన్న కంపెనీ. రోజూ కొంత ఉత్పత్తి అమ్ముకుంటున్న చిన్న కంపెనీ. ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా లాంటి పెద్ద ప్రభుత్వ సంస్థలు. రిగ్గులు, కంప్రెసర్లు అద్దెకిచ్చే సర్వీసు కంపెనీలు. టిప్పులన్నీ మొదటి దాని గురించే కాబట్టి ఎక్కువసేపు దాని దగ్గరే ఆగుదాం.

తవ్వబోయే కంపెనీ: హార్స్ హిల్ కథ

లండన్‌కు దక్షిణాన, గాట్విక్ విమానాశ్రయానికి దగ్గర్లో, సర్రే కౌంటీలో హార్స్ హిల్ అనే చోట 2014 చివర్లో ఒక బావి తవ్వారు. అందులో వాటా ఉన్న యూకే ఆయిల్ అండ్ గ్యాస్ లండన్‌లో చిన్న కంపెనీల కోసం నడిచే ఎయిమ్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ. 2015 ఏప్రిల్ 9న ఆ కంపెనీ ఒక ప్రకటన చేసింది: బావి లాగ్‌లను (బావిలోకి పరికరాలు దించి తీసిన కొలతలను) విశ్లేషిస్తే చదరపు మైలుకు 15.8 కోట్ల బ్యారెళ్ళ చమురు ఉన్నట్టు అంచనా వచ్చిందని. అదే రోజు కంపెనీ అధిపతి స్టీఫెన్ శాండర్సన్ బీబీసీతో మాట్లాడుతూ, దక్షిణ ఇంగ్లండ్‌లోని వీల్డ్ బేసిన్ మొత్తం మీద 10,000 కోట్ల బ్యారెళ్ళ దాకా ఉండొచ్చన్నారు. పత్రికలు దానికి 'గాట్విక్ గషర్' అని పేరు పెట్టేశాయి, గషర్ అంటే చమురు ఎగజిమ్మే బావి. షేరు ఒక దశలో 200 శాతానికి పైగా ఎగిరింది.

ఆ అంకెను కాస్త చెరిగి చూద్దాం. 10,000 కోట్లు అన్నది బేసిన్ మొత్తానికి. కంపెనీకి వాటా ఉన్న లైసెన్సు ప్రాంతం 55 చదరపు మైళ్ళే. చదరపు మైలుకు 15.8 కోట్ల చొప్పున, అంతటా ఒకేలా ఉంటుందనుకున్నా, అది దాదాపు 870 కోట్ల బ్యారెళ్ళు. అదీ రాతిలో ఉన్న మొత్తం, బయటికొచ్చేది కాదు. శాండర్సన్ లెక్క ప్రకారమే తీయగలిగేది 3 నుంచి 15 శాతం, అంటే 26 నుంచి 130 కోట్లు. ఆ లైసెన్సులో అప్పటికి కంపెనీ వాటా సుమారు ఐదో వంతు. కాబట్టి షేరు కొన్నవాడికి దక్కగలిగేది, అన్నీ అనుకున్నట్టే జరిగితే, 5 నుంచి 26 కోట్ల బ్యారెళ్ళు. పొద్దున టీవీలో విన్నది 10,000 కోట్లు! కొన్ని రోజులకే కంపెనీ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది, లైసెన్సు బయటి ప్రాంతానికి తాను అంచనా కట్టలేదని. అంతకుముందు ఏడాదే బ్రిటిష్ జియలాజికల్ సర్వే వీల్డ్‌లోని షేల్ రాళ్ళలో 440 కోట్ల బ్యారెళ్ళు ఉండొచ్చని నడిమి అంచనా ఇచ్చింది. అదీ రాతిలో ఉన్న మొత్తమే.

అనుమానించినవాళ్ళు అన్నిసార్లూ సరిగ్గా చెప్పారా అంటే, లేదు. 2016 ఆరంభంలో బావిని పరీక్షిస్తే మూడు పొరల నుంచి చమురు నిజంగానే వచ్చింది: 323, 464, 901 బ్యారెళ్ళ చొప్పున, కూడితే రోజుకు 1,688. ఆశావాదులు పండగ చేసుకున్నారు. అక్కడ గమనించాల్సింది ఒకటుంది. అవి ఏ పొరకు ఆ పొర విడివిడిగా, కొన్ని గంటల సేపు చేసిన పరీక్షలు. కొన్ని గంటలు పారిన వేగాన్ని రోజుకు లెక్కగట్టి, మూడింటినీ కలిపి హెడ్‌లైన్ చేశారు. పగుళ్ళలో ఉన్న చమురు మొదట బాగానే తన్నుకొస్తుంది. ఆ పగుళ్ళను వెనకనున్న రాయి మళ్ళీ నింపుతుందా లేదా అన్నది నెలల తరబడి తీస్తే గానీ తెలియదు.

తరువాత జరిగింది ఇది. 2019లో సర్రే కౌంటీ కౌన్సిల్ ఇంకో నాలుగు బావులకు, 20 ఏళ్ళ ఉత్పత్తికి అనుమతిచ్చింది. ఆ ఏడాదే తవ్విన అడ్డబావిలోకి నీళ్ళు చేరాయి. 2020 మార్చిలో పాత బావి నుంచి పూర్తిస్థాయి ఉత్పత్తి మొదలైంది గానీ, తరువాతి ఏళ్ళలో అది రోజుకు వంద బ్యారెళ్ళ లోపుకు జారింది. ఈలోగా స్థానికురాలు సారా ఫించ్ కోర్టుకెళ్ళారు. తీసిన చమురును కాల్చినప్పుడు వచ్చే కాలుష్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఇచ్చిన అనుమతి చెల్లదని 2024 జూన్ 20న బ్రిటన్ సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో తీర్పిచ్చింది. ఆ అక్టోబరులో ఉత్పత్తి ఆగిపోయింది. ఈ దారి పొడుగునా కంపెనీ కొత్త షేర్లు జారీ చేస్తూనే వచ్చింది, షేరు ధర పెన్నీలో చిన్న ముక్కకు దిగింది.

చమురు లేక ఇలా అయిందా? దక్షిణ ఇంగ్లండ్‌లోనే, డోర్సెట్‌లో, 1973లో కనుక్కున్న విచ్ ఫార్మ్ పశ్చిమ యూరప్‌లో నేల మీది క్షేత్రాల్లో అతి పెద్దది. హార్స్ హిల్‌లోనూ చమురుంది. ఉన్నదాన్ని లాభానికి తీసేలోపు ఒక చిన్న కంపెనీ ఎన్ని గండాలు దాటాలో, ఎన్నిసార్లు మార్కెట్ ముందు చెయ్యి చాచాలో అక్కడ కనిపిస్తుంది.

అనంతపురం, నల్లగొండ వైపు బోర్లు వేయించిన రైతులకు ఇది చెప్పక్కర్లేదు. మొదటి బోరు చేతిలో డబ్బుతో వేస్తారు, మూడోది అప్పుతో. నీళ్ళు పడినా ఆ పంట వడ్డీకే పోతుంది.

కాగితం మీద లెక్క వేస్తే

ఊహించిన అంకెలతో ఒక చిన్న లెక్క. కంపెనీకి 100 కోట్ల షేర్లున్నాయి, ధర 2 రూపాయలు. అంటే మార్కెట్ విలువ 200 కోట్లు. బావికి 60 కోట్లు కావాలి, చేతిలో డబ్బు లేదు. 1.50 చొప్పున 40 కోట్ల కొత్త షేర్లు అమ్ముతుంది. ఇప్పుడు మొత్తం 140 కోట్ల షేర్లు. చమురు పడితే కంపెనీ విలువ 500 కోట్లవుతుందనుకుందాం, షేరుకు 3.57. ఎండిపోతే మిగిలేది 20 పైసలు. పడే అవకాశం ఐదింట ఒకటి అనుకోండి, కొత్త చోట తవ్వే బావికి అది మరీ తక్కువేం కాదు. ఐదోవంతు 3.57, మిగతా నాలుగు వంతులు 20 పైసలు: కలిపితే 87 పైసలు. మీరు కొంటున్నది 2 రూపాయలకు.

పడితే రెండింతలు కూడా కాదు, పడకపోతే పదో వంతు మిగులుతుంది. టిప్పు ఇచ్చినవాడు 500ను 100తో భాగించి అయిదు రూపాయలు చెప్తాడు. ఆ 40 కోట్ల కొత్త షేర్లు అతని లెక్కలో ఉండవు. పైగా కొత్త షేర్లతో పాటు వారంట్లు (ముందే ఖాయం చేసిన ధరకు తరువాత షేర్లు కొనే హక్కులు) కూడా ఇస్తే, ధర పెరిగిన ప్రతిసారీ పైనుంచి అమ్మకాలు పడుతుంటాయి.

మరి ఇలాంటి కంపెనీల్లో ఒక్కటీ గెలవలేదా? గెలిచింది, అదీ మన దేశంలోనే. రాజస్థాన్‌లోని బార్మేర్ బ్లాకు మీద అంతర్జాతీయ చమురు దిగ్గజం షెల్‌కు ఆశ పోయి, తన మిగిలిన వాటాను 2002లో సుమారు 70 లక్షల డాలర్లకు ఎడిన్‌బరాకు చెందిన కెయిర్న్ ఎనర్జీకి అమ్మేసింది. 2004 జనవరిలో అక్కడే మంగళ క్షేత్రం పడింది, దేశంలో నేల మీద దొరికిన అతి పెద్ద క్షేత్రాల్లో ఒకటి. "పెద్ద కంపెనీ వదిలేసిందంటే ఏమీ లేనట్టే" అనేవాళ్ళకు ఇది గట్టి జవాబు.

ఆశావాదులు ఈ కథను సగమే చెప్తారు. కెయిర్న్ ఒట్టి చేతులతో రాజస్థాన్ వెళ్ళలేదు. 1996లో కమాండ్ పెట్రోలియం అనే ఆస్ట్రేలియా కంపెనీని కొన్నప్పుడు దాంతోపాటు మన గోదావరి తీరంలోని రవ్వ క్షేత్రంలో వాటా వచ్చింది. ఉప్పలగుప్తం మండలం ఎస్.యానాం ఒడ్డుకు చేరే ఆ చమురు ఏళ్ళ తరబడి రోజుకు 50,000 బ్యారెళ్ళు నడిచింది. ఒక బావి ఎండిపోతే ఇంకోటి తవ్వే ఓపిక ఆ ఆదాయం నుంచి వచ్చింది, వాటాదారుల జేబు నుంచే కాదు. అంత పెద్ద క్షేత్రం దొరికాక కూడా మంగళ నుంచి మొదటి చమురు రావడానికి 2009 ఆగస్టు దాకా పట్టింది. అది మైనంలా గడ్డకట్టే ముడిచమురు, వేడి చేస్తూ పంపే పైపులైను వేయాల్సొచ్చింది. చేతిలో రవ్వ లాంటిది లేని కంపెనీ ఆ అయిదేళ్ళకు పైగా ఏం తిని బతుకుతుందో ఊహించుకోండి.

ఉత్పత్తి ఉన్న చిన్న కంపెనీ

ఈ రంగంలో చిన్న కంపెనీయే కావాలనుకుంటే నేను చూసేది ఇటువైపే. మన దేశంలో ఇలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. హిందుస్థాన్ ఆయిల్ ఎక్స్‌ప్లొరేషన్‌కు అస్సాంలోని దిరోక్ గ్యాస్ క్షేత్రంలో వాటా ఉంది, ఉత్పత్తి 2017 ఆగస్టులో మొదలైంది. గుజరాత్‌లో బక్రోల్, లోహార్ లాంటి చిన్న క్షేత్రాలు నడిపే సెలాన్ ఉంది. ఇవి కొనమని చెప్పడం లేదు, ఈ జాతి ఎలా ఉంటుందో చూపిస్తున్నా.

ఇక్కడ అడగాల్సినవి వేరు. రోజుకు ఎన్ని బ్యారెళ్ళు, పోయిన ఏడాది ఇదే త్రైమాసికంలో ఎన్ని? రాయల్టీ, సెస్సు, తీత ఖర్చు పోగా బ్యారెల్‌కు చేతిలో ఎంత మిగులుతోంది? గ్యాసయితే ధర ఎవరు నిర్ణయిస్తున్నారు, కొనేది ఒక్కరేనా? ఆ ఒక్కరి ప్లాంటు మూతపడితే మీ బావికీ వాల్వు తిప్పాల్సిందే. పాత బావుల ఉత్పత్తి ఏటా దానంతటదే తగ్గుతుంది. ఆ తగ్గుదలను పూడ్చడానికే కొత్త బావులు కావాలి, కాబట్టి లాభమంతా పంచేస్తున్న కంపెనీని చూసి మురిసిపోనక్కర్లేదు.

ఇంకో మాట. 2016లో మొదలైన డిస్కవర్డ్ స్మాల్ ఫీల్డ్స్ వేలాల్లో వచ్చినవి ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా కనుక్కొని, గిట్టుబాటు కాదని పక్కన పెట్టిన క్షేత్రాలు. "చమురు ఉన్నట్టు ముందే రుజువైంది" అని కంపెనీ చెప్పేది నిజమే. పెద్దవాళ్ళకు గిట్టనిది వీళ్ళకెలా గిడుతుందో కూడా చెప్పాలి. పైపులైను దగ్గర్లోకి వచ్చిందా, ధర విషయంలో స్వేచ్ఛ దొరికిందా, ఖర్చు తగ్గే పద్ధతేదైనా ఉందా? జవాబు ఉంటే మంచి అవకాశమే. లేకపోతే ఆ 'రుజువు' వల్ల ఒరిగేదేమీ లేదు.

చిన్నవాళ్ళకు ఒక సౌకర్యం మాత్రం దొరికింది. 2022 జులై 1న కేంద్రం ముడిచమురు మీద టన్నుకు 23,250 రూపాయల విండ్‌ఫాల్ పన్ను (ధర పెరిగి అనుకోకుండా వచ్చిన లాభం మీద పన్ను) వేసినప్పుడు, అంతకుముందు ఏడాది 20 లక్షల బ్యారెళ్ళ లోపు తీసినవాళ్ళకు మినహాయింపు ఇచ్చారు. ఆ రోజు ఓఎన్‌జీసీ షేరు పది శాతానికి పైగా పడింది.

ప్రభుత్వ సంస్థలు, సర్వీసు కంపెనీలు

పై సంగతితోనే పెద్ద ప్రభుత్వ సంస్థల బలహీనత కూడా అర్థమై ఉంటుంది. ధర బాగా పెరిగినప్పుడు ఆ లాభంలో సర్కారు ముందుగా చెయ్యి పెడుతుంది. విండ్‌ఫాల్ పన్ను 2024 డిసెంబరులో ఎత్తేశారు, మళ్ళీ రాదని ఎవరూ రాసివ్వలేదు. రాత్రికి రాత్రే పదింతలయ్యే షేర్లు కావివి. ఒక బావి ఎండిపోతే మాత్రం త్రైమాసిక ఫలితాల్లో ఒక వరుసగా మిగులుతుంది, అంతే. పెద్ద ప్రమాదం జరిగినా తట్టుకుంటాయి. కోనసీమవాళ్ళకు 1995 జనవరి 8 గుర్తుండే ఉంటుంది, పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుని 65 రోజులు మండింది. 2020లో అస్సాంలోని బాఘ్‌జాన్‌లో ఆయిల్ ఇండియా బావి బ్లోఅవుట్ అయి (అదుపు తప్పి గ్యాసు ఎగజిమ్మి) అంటుకుంటే ఆర్పడానికి నవంబరు దాకా పట్టింది, ప్రాణాలు పోయాయి, ఊళ్ళు ఖాళీ అయ్యాయి. రెండు సంస్థలూ ఇంకా నడుస్తున్నాయి. అదే నష్టం రెండు బావుల కంపెనీకి వస్తే వాటాదారుడికి మిగిలేదేమీ ఉండదు. నేల మీద తవ్వడం సముద్రం కంటే చవకన్నది నిజం, కానీ నేల మీద బావి పక్కనే కొబ్బరితోట, బడి, ఇళ్ళు ఉంటాయి. టిప్పులో ఈ ఖర్చు రాయరు.

సర్వీసు కంపెనీల సంగతి సులువు. బావిలో చమురు పడినా పడకపోయినా రిగ్గు అద్దె వస్తుంది. వాటి కష్టం ఆర్డర్లు తగ్గినప్పుడు, బిల్లులు ఆలస్యమైనప్పుడు. డ్రిల్లింగ్ పెరుగుతుందన్న నమ్మకం ఉంది గానీ ఏ బావిలో పడుతుందో తెలియదనుకునేవాడికి ఇది ఎక్కువ తర్కం ఉన్న దారి. ఆర్డర్ బుక్, రావాల్సిన బాకీలు, రెండూ చూసుకుంటే చాలావరకు పని అయిపోతుంది.

అనుమానించేవాళ్ళను ఎంతవరకు నమ్మాలి

విమర్శ రాసే ప్రతివాడూ మన మేలు కోరేవాడు కాదు. 2021లో నమీబియాలోని కవాంగో ప్రాంతంలో నేల మీద తవ్వుతున్న కెనడా కంపెనీ రికాన్ ఆఫ్రికా షేరు ఆకాశంలో ఉన్నప్పుడు, వైస్‌రాయ్ రీసెర్చ్ అనే సంస్థ ఘాటైన రిపోర్టు విడుదల చేసింది. వైస్‌రాయ్ షార్ట్ సెల్లర్, షేరు పడితేనే దానికి లాభం. అయినా అది లేవనెత్తిన ప్రశ్నలు అడగాల్సినవే. తొలి బావుల్లో అమ్ముకోదగ్గ చమురు తేలలేదు, షేరు బాగా కూలింది. రాసినవాడి లాభనష్టాలు తెలుసుకోండి, తరువాత ప్రశ్నను ప్రశ్నగానే చూడండి.

కంపెనీ ప్రకటన చదివేటప్పుడు అందులో 'ప్రాస్పెక్టివ్' అని ఉంటే ఇంకా కనుక్కోనిది. 'కాంటింజెంట్' అంటే కనుక్కున్నారు గానీ గిట్టుబాటు తేలలేదు. 'రిజర్వ్స్' అన్నప్పుడే అమ్మి సొమ్ము చేసుకోగలిగేది, అందులోనూ 1పీ గట్టిది, 3పీ ఆశ. 'హైడ్రోకార్బన్ షోస్ కనిపించాయి' అంటే వాసన తగిలింది, అంతే. కాకినాడ తీరంలో 2005లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు దొరికిందని చెప్పినప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది. తీయగలిగేది అందులో చిన్న భాగమని తేలింది, 2017లో ఆ బ్లాకులో జీఎస్‌పీసీకి ఉన్న 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ 7,738 కోట్లకు తీసుకుంది. జీఎస్‌పీసీ లిస్టయిన చిన్న కంపెనీ కూడా కాదు, వెనక ఒక రాష్ట్ర ప్రభుత్వమే ఉంది.

ఇక ఎవరికి ఏది? పిల్లల చదువుకో ఇంటికో దాచుకున్న డబ్బయితే మొదటి దారి వైపు తొంగి కూడా చూడొద్దు. డివిడెండ్ వస్తూ, చమురు ధర పెరిగితే కొంత లాభం కావాలంటే ప్రభుత్వ సంస్థలు, లేదా ఈ రంగం ఇండెక్స్ ఫండ్. వార్షిక నివేదిక చదివే ఓపిక, మూడు నాలుగేళ్ళు ఆగే తీరిక ఉంటే, అప్పు లేకుండా సొంత ఉత్పత్తి ఆదాయంతో తరువాతి బావి తవ్వుకోగలిగే చిన్న కంపెనీ. బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ళకు ఎయిమ్ షేర్లు ఫోన్లోనే దొరుకుతాయి, ఐసాలో (లాభం మీద పన్ను పడని అక్కడి పొదుపు ఖాతాలో) కూడా పెట్టుకోవచ్చు. పన్ను లేదని ధైర్యం పెరుగుతుంది గానీ, ఐసాలో వచ్చిన నష్టాన్ని వేరే లాభంతో సర్దుకునే వీలుండదని అప్పుడు గుర్తురాదు.

అయినా సరే, తవ్వబోయే కంపెనీయే కావాలి, ఆ టెన్షన్ ఇష్టం అంటారా? అయితే షేర్ల జారీ అయిపోయి, బావి డబ్బు బ్యాంకులో పడ్డాక చూడండి, ముందు కాదు. లేదా పెద్ద కంపెనీ ఒకటి వాటా తీసుకుని బావి ఖర్చు తానే భరిస్తున్న చోట చూడండి, సొంత డబ్బు పెట్టేముందు వాళ్ళ ఇంజినీర్లు ఆ డేటా మొత్తం తిరగేసి ఉంటారు. చాలాసార్లు బావి అడుగుకు చేరకముందే షేరు పెరుగుతుంది, ఫలితం కోసం ఆగనివాళ్ళు అప్పుడే అమ్ముకుంటారు. ఇప్పటికే మీ దగ్గర ఇలాంటి షేరు ఉంటే కొన్న ధర సంగతి వదిలేయండి. గత రెండేళ్ళ వార్షిక నివేదికలు తెరిచి మొత్తం షేర్ల సంఖ్య పక్కపక్కన రాసుకోండి. అది మూడో వంతుకు పైగా పెరిగి, రోజువారీ బ్యారెళ్ళు పెరగకపోతే, రిగ్గు వార్తకు షేరు ఎగిరిన రోజునే బయటపడండి.